పొలిమేర తలుపు

కొమరగిరి రాజు పొరుగు రాజు మీద అలిగి పొలిమేరలో పెద్ద తలుపు పెట్టించాడు. "మన సరుకు అటు వెళ్లాలి. వాళ్లది ఒక్కటి ఇటొచ్చినా తెచ్చినవాడి తల తీయిస్తా!" అని చాటింపు వేయించాడు.

రాజుగారి సొంత బెల్లం ఇరవై బళ్లలో అమ్మడానికి తీసుకెళ్లిన బండివాడు జంపన్న ఖాళీ బళ్లతో తిరిగొచ్చాడు.

"బెల్లం ఏమైందిరా?"

"అంతా అమ్ముడుపోయింది ప్రభూ."

"మరి సొమ్మేది?"

"ఉప్పిచ్చారు, బట్టలిచ్చారు, బంగారమూ ఇచ్చారు. అన్నీ వాళ్ల దేశానివే కదా! నాకు ప్రాణం మీద తీపి. తలుపవతలే దించేసి వచ్చాను."

రాజు మెల్లగా అడిగాడు. "వాటికి కాపలా ఎవరున్నార్రా?"

"పొరుగు రాజుగారి భటులే. మీ కోపం తగ్గేదాకా చూసుకుంటామన్నారు."

రాజు పకపకా నవ్వాడు. తలుపు ఊడదీయించి, ఆ కలపతోనే జంపన్నకి ఇరవై ఒకటో బండి చేయించాడు.