పనస మానులో ఇరుక్కున్న రంపం

కూర్మనాథ శాస్త్రిగారి దగ్గర వ్యాకరణం చదువుకున్నవాళ్లందరికీ ఆయన అలవాటు ఒకటి బాగా తెలుసు. శాస్త్రంలో సందేహం అడిగితే శాస్త్రంతోనే జవాబు చెప్పేవారు. బతుకులో సందేహం అడిగితే మాత్రం శాస్త్రం జోలికి వెళ్లేవారు కాదు. తాను చూసినదో, తనకు తెలిసినవాళ్లకు జరిగినదో ఒక సంగతి చెప్పి ఊరుకునేవారు. ఆ తర్వాత ఎంత గుచ్చి అడిగినా వివరణ ఉండేది కాదు.

ఆయన శిష్యుల్లో భానోజీరావు అని ఒకడుండేవాడు. సహకార బ్యాంకులో గుమాస్తా. రోజూ ఉద్యోగానికి వెళ్లేముందు వచ్చి పాఠం చెప్పించుకునేవాడు. ఏడాదిగా అతను సమాసాల దగ్గరే ఆగిపోయాడు. అర్థం కాక కాదు, అందులో ఒక్క సందేహం కూడా మిగలకూడదని అతని పంతం. “దీన్ని ఇక్కడ ఉంచి తరువాతి ప్రకరణం చూద్దాం” అని శాస్త్రిగారు అన్నప్పుడల్లా తల అడ్డంగా ఊపేవాడు. నిద్ర చెడింది. ఇంట్లో మాటలు తగ్గాయి. చివరికి ఒకరోజు భార్య, “మీది పట్టుదల కాదండీ, మొండితనం” అనేసింది. ఆ మాట మింగుడుపడక మర్నాడు పుస్తకం తెరవకుండానే గురువుగారిని అడిగాడు.

“గురువుగారూ, పట్టుదలకీ మొండితనానికీ తేడా ఏమిటి? పట్టుకున్నదాన్ని మధ్యలో వదిలితే అది పట్టుదల ఎలా అవుతుంది?”

శాస్త్రిగారు అతని ముఖం కాసేపు చూసి, “బ్యాంకుకి ఇంకా టైముందా?” అని అడిగారు. ఉందన్నాడు. “అయితే కూర్చో. దాలమ్మ సంగతి చెబుతాను” అన్నారు. ఆయన చెప్పినది ఇది.

దాలమ్మది ఉద్దానంలో ఒక చిన్న ఊరు. అక్కడి బడిలో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండేది. భర్త తవిటయ్య ఐసు ఫ్యాక్టరీలో కూలి. ఆ జీతం చాలక, పెట్రోలుతో తిరిగే రంపమున్న కోత మిషను ఒకటి పాతది కొనుక్కున్నాడు. సెలవు రోజుల్లో జీడితోటల్లోకి వెళ్లి ఎండిన చెట్లు కోసి, కట్టెలు టీ దుకాణాలకీ జీడిపప్పు బట్టీలకీ అమ్మేవాడు. ఇల్లు గడవడానికి ఫ్యాక్టరీ జీతం, నాలుగు రాళ్లు వెనకేయడానికి కట్టెలు. పెంకుటింటి మీద స్లాబు వేయించాలని ఇద్దరికీ ఆశ ఉండేది.

ఆ ఏడు పెద్ద తుపాను వచ్చింది. గాలి మొదలయ్యేలోగా ఇంటి కప్పుని తాళ్లతో బిగించాలని తవిటయ్య పైకెక్కాడు. తడిసిన పెంకు మీద కాలు జారి కిందపడ్డాడు. కుడి భుజం చితికిపోయింది. కట్టు కట్టారు, కట్టు విప్పారు, కాని చెయ్యి మాత్రం భుజం దాటి పైకి లేవలేదు. ఫ్యాక్టరీ వాళ్లు వేరే మనిషిని పెట్టుకున్నారు. తుపానుకి పైకప్పు సగం ఎగిరిపోయింది. మిగిలిన సగం కింద భార్యాభర్తలు తలదాచుకున్నారు.

అదే తుపాను ఉద్దానంలో తోటలన్నిటినీ పడుకోబెట్టింది. ఎటు చూసినా కూలిన జీడిచెట్లే. కోత మిషను ఉన్నవాళ్లకి తీరిక లేనంత పని. సరిగ్గా అప్పుడే తవిటయ్య తన మిషను అమ్మడానికి సిద్ధపడ్డాడు. కొనేవాడు వాకిట్లోకి వచ్చి దాన్ని ఎత్తి చూస్తుంటే దాలమ్మ బడి నుంచి వచ్చింది.

“అమ్మీడానికి నాను సచ్చిపోనానేటి?” అంది భర్తతో.

“అది ఆడోళ్లు పట్టేది కాదే.”

“అన్నం గుండిగ దింపుతున్నాను. ఇది అంతకన్నా బరువేటి?”

కొనేవాడు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి తవిటయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని నోటితో చెప్పడం, ఆమె చేతులతో చెయ్యడం మొదలైంది. తాడు లాగి మిషను స్టార్టు చెయ్యడానికే ఆమెకి కొన్ని రోజులు పట్టింది. ఆ తర్వాత చీర మీద భర్త పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, బడిలో వంట అయ్యాక తోటల్లోకి వెళ్లేది. మొదట్లో సాయంత్రానికి చేతులు ఎంత వణికేవంటే, ముద్ద నోటి దాకా వెళ్లేది కాదు. మొదటి బండెడు కట్టెలు పచ్చివని టీ దుకాణం వాడు తిప్పి పంపేశాడు. ఆమె వాటిని ఎండలో పేర్చి, ఎండాక మళ్లీ అతని దగ్గరికే తీసుకువెళ్లింది. ఈసారి తీసుకున్నాడు.

లోకనాథం నాయుడు అని ఆ ఊళ్లో కాస్త కలిగినాయన. ఆయన జీడితోట మొత్తం నేలమట్టమైంది. “తొలకరి పడేలోగా కొత్త మొక్కలు వెయ్యాలి. తోట శుభ్రం చేసి ఇయ్యి, కర్రంతా నువ్వే తీసుకుపో” అన్నాడు దాలమ్మతో. అలా ఆ వేసవంతా ఆమె ఆ తోటలో కోసింది. జీడికర్ర వంకర టింకరగా ఉంటుంది. ఏ కొమ్మ ఎటు ఎగురుతుందో తెలియదు. ఒకసారి చెంప మీద చీరుకుపోయింది. ఆమె పసుపు అద్దుకుని మళ్లీ మిషను ఎత్తింది. తోట కొద్దికొద్దిగా ఖాళీ అవుతూ వచ్చింది. చివరికి మూలనున్న పనసచెట్టు ఒక్కటే మిగిలింది.

అది పాతకాలపు చెట్టు. తుపానుకి వేళ్లు సగం పైకి లేచి ఒరిగింది గాని, పూర్తిగా నేలకి రాలేదు. పై పంగ వెళ్లి నాయుడి పశువులశాల గోడ మీద ఆనింది. అటు వేళ్ల మీద, ఇటు గోడ మీద నిలిచి, మధ్యలో మాను వంతెనలా ఉంది. లోపల పసుప్పచ్చటి చేవ. అంతవరకూ కోసిన జీడికర్ర అంతా ఒక ఎత్తు, ఆ మాను ఒక్కటీ ఒక ఎత్తు. పట్నం నుంచి వడ్రంగి వచ్చి చూసి, నరికి ఇస్తే తీసుకుంటానని చెప్పి వెళ్లాడు. ఇంటి మీద కొత్త కప్పు లేవాలంటే ఆ మానే ఆధారం.

నాయుడు మాత్రం భయపడ్డాడు. “దీన్ని ముట్టుకోకమ్మా. అటూ ఇటూ అయితే నా పశువులశాల పోతుంది, నీ ప్రాణం పోతుంది. పెద్ద మిషన్లున్న మనుషుల్ని పిలుస్తాను. మాను వాళ్లే పట్టుకుపోతారు” అన్నాడు.

“తోటలో కర్రంతా నాదన్నావు గదా బాబూ. వచ్చే సంత దాకా ఆగు. నావల్ల కాకపోతే అప్పుడు పిలువు.”

ఆయన ఇష్టం లేకుండానే ఒప్పుకుని, పశువుల్ని వేరే చోట కట్టించాడు.

మర్నాడు దాలమ్మ మాను మధ్యలో పై నుంచి రంపం దింపింది. చెక్కపొడి పసుపులా ఎగిరింది. రంపం సగం దాకా దిగింది. అంతలో మాను ఒక్కసారి మూలిగి, తన బరువుకి తానే కుంగింది. కోసిన సందు మూసుకుపోయి రంపం బ్లేడుని నొక్కి పట్టేసింది. మిషను ఆగిపోయింది.

ఆమె లాగింది. రాలేదు. కాలు మానుకి తన్నిపెట్టి లాగింది. గునపం తెచ్చి పక్కల పొడిచింది. మర్నాడూ అదే పని. ఆ మర్నాడు తవిటయ్య కూడా వచ్చి ఎడమచేత్తో ఒక పట్టు పట్టాడు. రంపం కదల్లేదు గాని మిషను పిడి చీలింది. దారినపోయేవాళ్లు ఆగి చూడసాగారు. కొందరు సలహాలిచ్చారు, కొందరు జాలిపడ్డారు. నాయుడు వచ్చి, “వదిలెయ్యమ్మా దాలమ్మా” అన్నాడు.

“వదల్ను బాబూ.”

పొద్దు వాలేసరికి ఆమె అరచేతుల తోలు ఊడిపోయింది. ఆ చేతులతోనే మళ్లీ పిడి పట్టుకుంది. చివరిసారి లాగినప్పుడు పట్టు జారి వెనక్కి పడింది. లేచి, మళ్లీ మాను దగ్గరికి వెళ్లబోతుంటే తవిటయ్య అడ్డం నిలబడ్డాడు.

“ఒక్కటి సెప్పు. నీ పోట్లాట సెట్టుతోనా, మిషనుతోనా?”

ఆమె అక్కడే మానుకి ఆనుకుని కూర్చుంది. కోపంతో ఏడ్చింది. బిగుసుకుపోయిన వేళ్లని భర్త ఒక్కొక్కటే విప్పి, చొక్కా అంచుతో తుడిచాడు. ఆ రాత్రి ఆమె మనసులో ఏముందో అతనికి తెలియలేదు.

మర్నాడు మామూలుగానే తోటకి వెళ్లింది. రంపం వైపు కన్నెత్తి చూడలేదు. దాన్ని మానులోనే ఉంచి, గొడ్డలి తీసుకుని పశువులశాల వైపు నిచ్చెన వేసుకుంది. గోడ మీది నుంచి పనసచెట్టు చిటారు కొమ్మలు ఒక్కొక్కటే కొట్టడం మొదలుపెట్టింది. చేతులకి గుడ్డలు చుట్టుకుంది. ఆకులు మేకలవాళ్లకి ఇచ్చేసింది. పుల్లలు మోపులు కట్టి టీ దుకాణానికి మోసింది. ఆ మర్నాడు కాస్త లావు కొమ్మలు, ఆ మర్నాడు ఇంకాస్త లావువి.

చూసినవాళ్లకి అది పొయ్యి పుల్లలు ఏరుకోవడంలాగే కనిపించింది. “ఇరుక్కుపోయిన మిషను అలాగే ఏలాడుతోంది, ఈవిడ సిట్టి కొమ్మలు కొట్టుకుంటోంది” అని నవ్వుకున్నారు. నాయుడు పెద్ద మిషన్ల వాళ్లకి సంతనాడు రమ్మని కబురు పంపాడు. ఆ సంగతి దాలమ్మకి వినిపించేలాగే చెప్పాడు. “రానీ బాబూ” అని, గొడ్డలి ఆపకుండానే అంది.

పై బరువు తగ్గేకొద్దీ మానులో ఏదో కదులుతున్నట్టు అప్పుడప్పుడూ చిటపటమని చప్పుడయ్యేది. చప్పుడైనప్పుడల్లా ఆమె ఆగి, రంపం దగ్గరికి వచ్చి సందు చూసేది. ముట్టుకునేది కాదు. చూసి మళ్లీ నిచ్చెన ఎక్కేది. కొమ్మలన్నీ పోయి పంగ మాత్రమే మిగిలాక, ఊళ్లో వ్యాను నడిపేవాడిని అడిగి టైర్లు మార్చే జాకీ తెచ్చింది. కోత పక్కనే, మాను కింద దుంగలు పేర్చి వాటి మీద జాకీ పెట్టింది. తవిటయ్య ఎడమచేత్తో జాకీ తిప్పాడు. ఆమె నేల మీద బోర్లా పడుకుని సందు వంకే చూస్తూ, “ఇంకొంచెం, ఇంకొంచెం” అంటూ వచ్చింది. నిండా కొమ్మలున్న మానుని ఆ జాకీ కదిపి ఉండేది కాదు. ఇప్పుడు అది మెల్లిగా లేచింది. మూసుకున్న సందు వేలు పట్టేంత తెరుచుకుంది.

ఆమె లేచి పిడి పట్టుకుంది. అన్నంలోంచి గరిటె వచ్చినట్టు రంపం వచ్చేసింది.

చీలిన పిడికి గుడ్డ చుట్టి బిగించారు. మాను అటూ ఇటూ దొర్లకుండా దుంగలు అడ్డుపెట్టారు. ఈసారి ఆమె పై నుంచి కోయలేదు. పక్కన నిలబడి, కింది నుంచి పైకి కోసింది. రెండు కోతలూ కలిసేసరికి మాను రెండుగా విడిపోయి, కిందున్న దుంగల మీదికి బరువుగా దిగింది. పశువులశాల చూరులో రెండు పెంకులు పగిలాయి, అంతే.

సంతనాడు పెద్ద మిషన్ల వాళ్లు వచ్చేసరికి వడ్రంగి ట్రాక్టరు మీదికి మాను ఎక్కుతోంది. నాయుడు వాళ్లకి టీ తాగించి వెనక్కి పంపాడు. తర్వాత దాలమ్మ దగ్గరికి వచ్చి, “అన్న మాట అన్నట్టే. అది నీదే” అన్నాడు. తొలకరి పడేలోగా ఆ ఇంటి మీద కొత్త కప్పు లేచింది. ఇప్పుడు ఆ ఊరి రోడ్డు మీద వాళ్లకి కట్టెల అడితి ఉంది. కాటా దగ్గర తవిటయ్య కూర్చుంటాడు. బడిలో వంట అయ్యాక దాలమ్మ మిషను భుజాన వేసుకుని ఏదో ఒక తోటకి వెళుతుంది.

శాస్త్రిగారు ఇక్కడికి వచ్చి ఆగారు. భానోజీరావు, తనకు కావలసిన జవాబు దొరికినట్టే ఉత్సాహంగా, “అంటే ఎంత కష్టమొచ్చినా వదలకపోవడం వల్లే ఆవిడ గెలిచిందన్నమాట” అన్నాడు.

“గెలిచాక ఊళ్లోవాళ్లూ అలాగే అన్నారు” అన్నారు శాస్త్రిగారు. “గొడ్డలి పట్టుకుని కొమ్మలు కొట్టుకుంటున్న రోజుల్లో మాత్రం, దాలమ్మ వదిలీసినాది అనుకున్నారు.”