పుటలో చిల్లు

స్పెయిన్ రాజు పేరు చెరిపెయ్యడం బెర్నాబెకి తేలికే అయింది. ఆ తర్వాత వచ్చిన పేర్లతోనే ప్రాణం విసిగిపోయింది.

పెరూ దేశం స్పెయిన్ చేతిలోంచి బయటపడి ఇరవై ఏళ్ళు కావస్తోంది. కొండ మీది ఆ చిన్న మఠంలో ఉండేది ఇద్దరే: ముసలి గురువు ఫాదర్ ఎవరిస్తో, శిష్యుడు బెర్నాబె. ఆదివారం ప్రార్థనలో దేశాన్ని ఏలేవాడి పేరు చదవాలి. ఒక జనరల్ ఇంకో జనరల్‌ని తరిమేసినప్పుడల్లా బెర్నాబె చాకుతో తోలుపుట మీది పాత పేరు గీకేసి, కొత్తది రాసేవాడు. తన అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని లోలోపల కాస్త గర్వం కూడా.

ఆ ఆదివారం పొద్దున్నే కంచరగాడిదలు తోలుకెళ్ళేవాడు గుమ్మంలో కేకేశాడు.

"మళ్ళీ మారాడు బ్రదరూ! ఈసారి పలచగా రాసుకో, వచ్చే నెల ఎటూ వస్తాగా!"

కొత్త పేరు చెప్పి నవ్వి, అంతలోనే గొంతు తగ్గించాడు. కింది ఊళ్ళో పాత పేరు చదివిన ఫాదర్‌ని గుర్రాల మీదొచ్చిన సైనికులు కట్టి తీసుకుపోయారట. ఆ గుర్రాలవాళ్ళు ఇటే వస్తున్నారట.

బెర్నాబె చాకు తీశాడు. గురువుని తీసుకుపోతే ఈ కొండ మీద గాలి తప్ప తనని పలకరించేవాళ్ళుండరు. హడావిడిగా గీకాడు. పుటకి చిల్లు పడింది.

పుస్తకంతో చర్చిలోకి పరిగెత్తాడు. "ఫాదర్‌గారూ, పుట చిరిగిపోయింది. ఇప్పుడెవరి పేరు చదువుతారు?"

ముసలాయన పుట పైకెత్తి, చిల్లుకి కన్ను ఆనించి చూశాడు.

"ఎవరో కనపడుతున్నారు. ఆవిడ పేరేమిటి?"

బెర్నాబె వెనక్కి తిరిగాడు. ఖాళీ చర్చిలో తలుపు దగ్గర, రాతినేల మీద, కొండజాతి ముసలమ్మ ఒకత్తి కూర్చుని ఉంది. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఆదివారం వస్తోంది.

"తెలీదండీ."

"కనుక్కో."

వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాడు. "నీ పేరేమిటి?"

ముసలమ్మ గభాల్న లేచి గోడకి ఆనుకుపోయింది.

"ఇంట్లో ఇంకెవరూ లేరయ్యా! నా ముగ్గురు కొడుకుల్నీ సైన్యంలోకి పట్టుకెళ్ళారుగా!"

"ఎవరి సైన్యం?"

"ఏమోనయ్యా. ఒక్కొక్కణ్ణీ ఒక్కొక్కరు."

 బెర్నాబె మెల్లిగా కింద కూర్చున్నాడు. రాయి జివ్వుమంటోంది.

"నా పేరు బెర్నాబె అమ్మా" అన్నాడు. ఇన్నేళ్ళలో అక్కడ ఎవరికీ ఆ పేరు చెప్పుకోలేదు.

చాలాసేపటికి ఆవిడా కూర్చుంది. అతని చెవి దగ్గరికి వంగి తన పేరు గొణిగింది.

ప్రార్థన మొదలైంది. చిల్లు ఉన్న చోటికి వచ్చి గురువు ఆగాడు. బయట గుర్రాల డెక్కల చప్పుడు దగ్గరికొచ్చి, గుమ్మం ముందు ఆగింది.

బెర్నాబె కూర్చున్నచోటి నుంచే గట్టిగా అందించాడు.

"సిసా."