రాజుగారి ఓడలో తుపాకులు

ముత్యాలరేవు రాజు తిమ్మభూపతికి సముద్రం మీద మనసైంది. అందమైన తెరచాప ఓడ ఒకటి కట్టించుకున్నాడు. రాణిగారితో కలిసి దీవులన్నీ చుట్టి రావాలని ఆయన ఉబలాటం.

"సముద్రంలో దొంగలుంటారు ప్రభూ!" అన్నాడు సేనాపతి వీరమల్లు మీసం దువ్వుతూ. "ఓడ నిండా తుపాకులు పెట్టిస్తాను. దొంగ కాదుకదా, దొంగ నీడ కూడా దరికి రాదు."

అన్నట్టే పెట్టించాడు. కాలు మోపేందుకు చోటు లేకుండా పెట్టించాడు.

తీరా ఓడను కాస్త నడిపి చూద్దామని బయలుదేరిన రోజే, చేపలు అమ్ముకుందామని ఒక జాలరి తన పడవను దగ్గరికి తెచ్చాడు. "దొంగ! దొంగ!" అంటూ సేనాపతి ఢామ్మని పేల్చాడు. తుపాకీ గుండు జాలరి పడవ తెరచాపను చీల్చుకుపోయింది. పాపం, అతను నీళ్లలో దూకి ప్రాణం దక్కించుకున్నాడు.

కొలువులో అందరూ సేనాపతి చురుకుదనాన్ని మెచ్చుకున్నారు. విదూషకుడు చిట్టెన్నకు మాత్రం కడుపు మండింది. రాజుగారిని నవ్వించేదీ, అవసరమైతే మందలించేదీ అతనొక్కడే.

"ప్రభూ, ఆ తుపాకులు దింపించండి. దొంగను ఆపుతాయో లేదో గానీ, ఏదో ఒకరోజు అమాయకుణ్ణి చంపుతాయి."

వీరమల్లు పకపకా నవ్వాడు. "నాలుకతో బతికేవాడివి, తుపాకీ సంగతి నీకేం తెలుసు? ప్రభూ, ఇతణ్ణే దొంగగా రమ్మనండి. తమ వేలి ఉంగరం పట్టుకుపొమ్మనండి చూద్దాం!"

రాజుగారికి ఆ పందెం తెగ నచ్చింది.

"సరే చిట్టెన్నా! మేము శంఖుదీవికి వెళ్తున్నాం. తిరిగి వచ్చేలోగా నా ఉంగరం కాజెయ్యి. గెలిస్తే తుపాకులు దింపిస్తాను. ఓడితే ఆ తర్వాత మేము మిగతా దీవులన్నీ చుట్టి వచ్చేదాకా ఓడ అడుగున నీళ్లు తోడేది నువ్వే."

చిట్టెన్న ఒప్పుకున్నాడు.

ఓడ శంఖుదీవి దగ్గర పడుతుండగా ఒక పడవ ఎదురొచ్చింది. దానికో జెండా, ఒక డప్పు. అందులో గుమ్మడికాయంత తలపాగా, బొడ్డుదాకా గడ్డం ఉన్న పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. అతికించుకున్న మేకవెంట్రుకల గడ్డం చురచురా దురద పెడుతుంటే, ముందే దీవికి చేరి ఆ వేషం కట్టిన చిట్టెన్న పళ్లు బిగబట్టుకున్నాడు. ఓడమీది తుపాకులన్నీ తనవైపే చూస్తున్నాయి మరి!

"ఎవడ్రా అది?" గద్దించాడు వీరమల్లు.

"శంఖుదీవిలో సుంకాలు వసూలుచేసే సుంకరినండయ్యా!" చిట్టెన్న గొంతు బొంగురు చేశాడు. "మా రేవులోకి వచ్చే ఓడల్లో ఆయుధాలుంటే మాకు అప్పగించాలి. వెళ్లేటప్పుడు గీత పడకుండా తిరిగిచ్చేస్తాం. మా రాజుగారి కట్టడి. అయినా విహారానికొచ్చిన ఓడలా ఉంది, మీ దగ్గర తుపాకులేం ఉంటాయిలెండి, పదండి."

"లేకపోవడమేమిటి!" వీరమల్లుకు రోషం పొడుచుకొచ్చింది.

"పొరుగురాజు కట్టడి మన్నించాలి. ఇచ్చెయ్యి వీరమల్లూ" అన్నాడు రాజు.

సేనాపతి ఒక మోపు తుపాకులు పడవలోకి దింపించాడు. సుంకరి పెదవి విరిచాడు.

"ఇంతేనా? మొన్న వచ్చిన బెల్లం వర్తకుడి దగ్గరే ఇంతకు రెట్టింపు ఉన్నాయి!"

వీరమల్లు ముఖం కందగడ్డయింది. బియ్యం బస్తాల వెనక దాచినవి తీయించాడు. తెరచాప గుడ్డల్లో చుట్టినవి తీయించాడు. తన పరుపు చీల్చి అందులోవీ తీయించాడు. చివరికి నడుమున దోపుకున్న పిస్తోలు కూడా తానే అందించాడు.

"మా తాతది. జాగ్రత్త!"

"కళ్లలో పెట్టుకుంటానండి" అంటూ వంగేసరికి చిట్టెన్న గడ్డం ఒక పక్క జారింది. గబుక్కున దగ్గు నటించి అరచేత్తో అదిమాడు. ఎవరూ గమనించలేదు.

తుపాకుల మీద చాప కప్పి, తీరిగ్గా దానిమీద కూర్చున్నాడు.

"ఇక తమ ఉంగరం కూడా ఇప్పిస్తే మా పని అయిపోతుంది ప్రభూ."

రాజు తెల్లబోయాడు. "ఉంగరం ఆయుధమా?"

"కాదు ప్రభూ. ఆయుధాలు చేజిక్కాక దొంగ అడిగేది అదే."

చిట్టెన్న గడ్డం పీకి, హాయిగా చెంప గోక్కున్నాడు.

వీరమల్లు ఎగిరిపడ్డాడు. "మోసం! దొంగవేషం! నువ్వే గనక నిజం దొంగవైతే ఈపాటికి కాల్చి పారేసేవాణ్ణి!"

చిట్టెన్న అతని ఖాళీ నడుముకేసి ఒకసారి చూసి, చేతులు కట్టుకుని వినయంగా అడిగాడు:

"దేనితోనండీ?"

ముందు రాణిగారు కిసుక్కుమన్నారు. ఆ వెంటనే ఓడంతా గొల్లున నవ్వింది. రాజు కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఉంగరం తీసి చిట్టెన్న చేతిలో పెట్టాడు.

"ఉంచుకో! ఆ తుపాకులు ఒడ్డుకు తోలించి నువ్వు ఓడెక్కు. దొంగలు ఎదురైతే నీ నోరే మాకు కాపలా!"