మూడోసారి అడిగిన రాజు

నది పొంగింది. తూర్పు గట్టుకో పడమటి గట్టుకో గండి కొట్టకపోతే నీళ్లు నేరుగా పట్నం మీద పడతాయి. తూర్పు గట్టు కింద కుమ్మరివాడ ఉంది. పడమటి గట్టు కింద రాజుగారి అరటితోట ఉంది.

ఇందులో ఆలోచించడానికేముందని మీరడగొచ్చు. నేనూ అదే అడుగుతున్నాను. రాజు మాత్రం అమ్మవారిని అడుగుదామన్నాడు.

ఆ రాజ్యంలో అడగడానికో పద్ధతుంది. అమ్మవారి భుజాల మీద చెరొక గన్నేరు పువ్వు పెట్టి ప్రశ్న చెబుతారు. కుడిపువ్వు రాలితే అవును, ఎడమపువ్వు రాలితే వద్దు. గన్నేరే ఎందుకంటే రకరకాలుగా చెబుతారు. మందారం బరువని కొందరు, చామంతి సరిగా జారదని కొందరు. నన్నడిగితే గన్నేరు చెట్టు గుడి వెనకే ఉంది, అంతే. ఇంకో నియమం కూడా ఉంది. ఆ నిర్ణయం ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లలో ఒకరు పక్కన నిలబడి చూడాలి. అది పెట్టినవాడెవడో గాని మహానుభావుడు.

కుమ్మరుల తరఫున ఒక పెద్దమ్మ వచ్చింది. ఆమె చేతులకు మట్టి ఇంకా ఆరలేదు.

"తల్లీ, తూర్పు గట్టుకు గండి కొట్టించనా?" అన్నాడు రాజు.

ఎడమపువ్వు రాలింది.

పెద్దమ్మ చెంపలేసుకుని బయల్దేరబోయింది.

"ఆగు," అన్నాడు రాజు. "గాలి వీచింది."

పూజారి తలుపులు మూశాడు. మళ్లీ అడిగారు. మళ్లీ ఎడమపువ్వే.

"ఏమయ్యా, పువ్వు గాని వాడిందా?"

"ఇప్పుడే కోశాను ప్రభూ," అని రాజు మొహం చూసి, "వాడే ఉంటుంది లెండి," అన్నాడు పూజారి.

"దొరా, అమ్మకి చెవుడు లేదు," అంది పెద్దమ్మ. "మా ఇంట్లో మూడేళ్ల మనవరాలు కూడా రెండుసార్లు వద్దంటే ఊరుకుంటుంది."

"నువ్వు చూడ్డానికొచ్చావే, మాట్లాడ్డానికి కాదు," అని పూజారి కసిరాడు. కసురుతూనే ఎడమ భుజం మీద చిక్కటి గంధం ముద్ద పెట్టి పువ్వును దాంట్లో అదిమాడు. కుడిపువ్వును భుజం అంచున ఆనీ ఆనకుండా ఉంచాడు.

రాజు మూడోసారి అడిగాడు. కుడిపువ్వు రాలింది.

"నీ ఆజ్ఞ తల్లీ! నాదేముంది?" అంటూ రాజు సాష్టాంగపడ్డాడు. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు.

నాకు ఒళ్లు మండేది ఆ కన్నీళ్ల దగ్గరే. తోట కోసం వాడను ముంచుతాననేవాడు దుర్మార్గుడు, సరే. వాడితో తగవు పడొచ్చు. అమ్మవారే ముంచమంది అనేవాడితో ఏమని తగవు పడతాం? తన మాటను తీసుకెళ్లి ఆవిడ నోట్లో కుక్కి, ఆవిడ నోటి నుంచే విన్నట్టు చేతులు జోడిస్తాడు. దీన్ని మనం భక్తి అంటాం. కొబ్బరికాయలు కూడా కొడతాం.

పలుగులూ పారలూ పోగుచెయ్యమని రాజు భటులను పంపాడు. ఈలోగా పెద్దమ్మ పరుగున వాడకొచ్చింది. జనం మూటలు కట్టుకుంటున్నారు. మంచాన పడ్డవాళ్లను ఎలా మొయ్యాలో తెలియక ఏడుస్తున్నారు.

"అమ్మవారు ఏమందే అమ్మా?" అన్నాడు ఆమె కొడుకు.

"వద్దంది. రెండుసార్లు వద్దంది."

"మరి మూడోసారి అవునందని భటులు చాటుతున్నారే!"

"మూడోసారి ఆవిణ్ణి ఎవరూ అడగలేదురా."

"అయితే ఇప్పుడేం చేద్దాం?"

"మట్టి తవ్వడం మనకొకరు నేర్పాలా?"

కుమ్మరులంతా పారలు పట్టుకుని పడమటి గట్టెక్కారు. భటులు తూర్పు గట్టు చేరేసరికి నది దిగడం మొదలైంది. వాళ్లు పలుగులు కింద పెట్టి, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

రాజు గుర్రమెక్కి పడమటి గట్టుకు వచ్చాడు. అరటితోటలో గెలలు నీళ్లలో తేలుతున్నాయి.

"ఎవరి సెలవుతో కొట్టారు గండి?"

"అమ్మ సెలవుతో దొరా."

"అమ్మ నాకు తూర్పు గట్టని చెప్పింది!"

"నేనక్కడే ఉన్నాను కదా దొరా," అంది పెద్దమ్మ.

"మీ అందరి తలలూ తీయిస్తాను!"

పెద్దమ్మ పారను గట్టులో గుచ్చి చేతులు దులుపుకుంది.

"తీయించండి. కానీ మీరు అమ్మనడక్కుండా ఏ పనీ చెయ్యరు కదా. గుడి దగ్గరే, పదండి. తలలు మావి గనక చూడ్డానికి మేమూ వస్తాం. అడగండి. ఒక్కసారే అడగండి."

రాజు గుర్రాన్ని గుడివైపు తిప్పాడు. వాడంతా వెనక నడిచింది. కబురు ముందే అందడంతో పూజారి తలుపులు బార్లా తెరిచి, రెండు తాజా పువ్వులతో మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

గుడి ముందుకొచ్చేసరికి రాజు తల పక్కకు తిప్పుకుని, ఎవరికీ ఏ ఆజ్ఞా ఇవ్వకుండా, గుర్రాన్ని కోటవైపు అదిలించాడు.