చెవుల్లో దూది పెట్టుకున్న కుందేలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో మంచి చోట్లన్నింటిలోనూ అప్పటికే ఎవరో ఒకరు కాపురం ఉంటున్నారు. ఖాళీగా మిగిలింది నక్కలవాడ ఒక్కటే.

నక్కలవాడ అంటే వాగు ఒడ్డున కొన్ని తుప్పలు, బోలెడు గులకరాళ్లు, ఒక బూరుగు చెట్టు. నీళ్లు దగ్గర. గడ్డి బాగుంటుంది. గాలి బాగా వస్తుంది. నక్కలు కూడా బాగానే వస్తాయి. ఆ పేరు ఊరికే రాలేదు.

ఆ వాడకి చెంగమ్మ అనే కుందేలు తన ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. పెద్దది మువ్వ, చిన్నవాడు గవ్వ. వాళ్లు అంతకుముందు ఉన్న పచ్చిక బయలు ఎండాకాలం మంటల్లో తగలబడిపోయింది. ఎక్కడా పొద దొరకలేదు. ఇక్కడ దొరికింది. పిల్లల్ని పెట్టుకుని నక్కలవాడకి ఎందుకొచ్చిందీ అని మీరు అడగబోతున్నారు కదా? అందుకే వచ్చింది.

పక్క కన్నంలో ఓబులు అనే ఏదుపంది ఉండేవాడు. ఒంటినిండా ముళ్లు, నోటినిండా సలహాలు. చెంగమ్మ పొద ఊడ్చుకుంటుంటే వచ్చి నిలబడ్డాడు.

"అమ్మాయ్, ఈ వాడలో బతకాలంటే మూడు పద్ధతులున్నాయి" అన్నాడు.

"చెప్పు బాబాయ్" అంది చెంగమ్మ.

"బయటికెళ్తే ఎక్కడికెళ్తున్నావో ఎవరికైనా చెప్పి వెళ్లు. రోజూ ఒకే దారిన తిరిగి రాకు. నాంచారమ్మ అరిస్తే ముందు దాక్కో, ఎందుకరిచిందో తరవాత అడుగు."

"నాంచారమ్మ ఎవరు?"

ఓబులు సమాధానం చెప్పలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే నాంచారమ్మ అరిచింది. ఓబులు మాట మధ్యలో వదిలేసి కన్నంలోకి దూరిపోయాడు. వాడంతా క్షణంలో ఖాళీ అయిపోయింది. చెంగమ్మ కూడా పిల్లల్ని లాక్కుని పొదలో దూరింది.

నాంచారమ్మ ఒక తీతువు పిట్ట. ఎదురుగా గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెట్టుకుని కూర్చుంది. పొడుగు కాళ్లు, ఎర్ర ముక్కు, అడవి అవతలి కొసదాకా వినబడే గొంతు.

అందరూ దాక్కున్న చోటినుంచే చూశారు. దూరంగా గడ్డి కదులుతోంది. ఏదో వస్తోంది. చాలాసేపు వచ్చింది. ఆ వచ్చింది గడ్డిలోంచి బయటపడేసరికి సాయంత్రమైంది. అది తాబేలు.

"నీళ్లకొచ్చాను" అంది తాబేలు.

చెంగమ్మకి ఒళ్లు మండింది. కానీ కొత్తగా వచ్చింది కదా, ఊరుకుంది.

మర్నాడు చెంగమ్మ పిల్లలకి పాలిస్తోంది. నాంచారమ్మ మళ్లీ అరిచింది. మళ్లీ అందరూ పరుగు. ఈసారి ఒక ఎండు తాటిమట్ట. గాలికి ఈడ్చుకుంటూ వచ్చి, వాగులో పడి, తన దారిన తను పోయింది.

ఆ తరవాత ఒకరోజు మధ్యాహ్నం చెంగమ్మ మంచి నిద్రలో ఉంది. నాంచారమ్మ అరిచింది. గవ్వగాడు ఉలిక్కిపడి లేచి ఏడుపు లంకించుకున్నాడు. వాణ్ణి నోటకరుచుకుని చెంగమ్మ పొద లోపలికి, ఇంకా లోపలికి దూరింది. వీపంతా ముళ్లు గీరుకున్నాయి. ఎంతసేపు చూసినా ఏమీ రాలేదు. తాబేలు కూడా రాలేదు.

చెంగమ్మ తిన్నగా గులకరాళ్ల దగ్గరికి వెళ్లింది.

"ఏమక్కా, ఇప్పుడేం వచ్చింది?"

"తెలీదు. అవతలి ఒడ్డున రెల్లుగడ్డిలో ఏదో కదిలినట్టనిపించింది" అంది నాంచారమ్మ.

"అనిపించిందా? అనిపిస్తే అరుస్తావా?"

"అవునమ్మా."

"నక్కొచ్చినప్పుడే అరవొచ్చుగా?"

"నక్కే అని తేల్చుకునేసరికి అది నా గూట్లో ఉంటుంది."

చెంగమ్మ కోపం పట్టలేకపోయింది. "తీతువు కూస్తే చావు తప్పదని మా అమ్మ అనేది. ఊరికే అనలేదు. పొద్దస్తమానం అపశకునం కూతలు! పిల్లలున్న ఇంటి ముందు ఏమిటిది?"

నాంచారమ్మ గుడ్ల మీద కొంచెం సర్దుకుని కూర్చుంది. ఈ మాట ఆమె చిన్నప్పటినుంచీ వింటూనే ఉంది.

"నేను కూశాక చావొస్తుందంటారు. చావు వస్తుంటే చూసి నేను కూస్తాను. ఏది ముందు, ఏది వెనక అని నన్ను ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. గడ్డి మేశావా?" అంది.

చెంగమ్మ విసవిసా వెనక్కి తిరిగింది. దారిలో బూరుగు చెట్టు కింద తెల్లటి దూది రాలి ఉంది. మెత్తగా ఉంది. బోలెడంత ఉంది. చెంగమ్మకి ఒక ఉపాయం తోచింది. ఉపాయం అని తనే అనుకుంది, నేను అనడం లేదు.

దేవుడు కుందేలుకి కోరలివ్వలేదు. కొమ్ములివ్వలేదు. ముళ్లివ్వలేదు. మూరెడు చెవులిచ్చాడు. చెంగమ్మ ఆ రెండింటి నిండా దూది కూరుకుంది. పిల్లల చెవుల్లోనూ కుక్కింది. మీ అన్నయ్య చెవుల్లో అవేవో పెట్టుకుని రోడ్డు దాటుతుంటాడు, అది నాకు ఇక్కడెందుకు గుర్తొచ్చిందో తెలీదు.

ఆ రోజునుంచి పొదలో ప్రశాంతంగా ఉంది. నాంచారమ్మ అరుపు లేదు. ఓబులు సలహాలు లేవు. "అమ్మా, ఆకలి" అని మువ్వ అన్నా, "ఎంత బుద్ధిగా ఉంటున్నారో నా పిల్లలు" అనుకుని చెంగమ్మ అటు తిరిగి పడుకుంది. మిగతా రెండు పద్ధతులూ మాత్రం తప్పకుండా పాటించింది. మేతకెళ్తూ ఓబులుకి చెప్పి వెళ్లేది. దారి మార్చి వచ్చేది. మూడింట్లో రెండు చేస్తున్నాను కదా అని ఆమె ధైర్యం.

ఇప్పుడు అవతలి ఒడ్డుకి వెళ్దాం. ఆ రోజు రెల్లుగడ్డిలో ఏమీ లేదని కదా అందరూ అనుకున్నారు. ఉంది. రెండు నక్కలు, అన్నదమ్ములు, బోర్లా పడుకుని వాడకేసి చూస్తున్నాయి. వాటికి తొందరేం లేదు. వాటి పనే చూడటం.

"అన్నా, ఈ పిట్ట నోరు మూసుకునేదాకా మనకి తిండి దొరకదు" అంది తమ్ముడు నక్క.

"పిట్ట జోలి మనకెందుకు? పిట్ట అరిస్తే ఎవరు దాక్కోవడం లేదో అది చూడు" అంది అన్న నక్క.

కొన్నాళ్లు చూశాక ఒకరోజు అన్న నక్క కావాలనే తోక పైకెత్తి ఒడ్డు వెంబడి నడిచింది. నాంచారమ్మ అరిచింది. ఉడతలు తొర్రలోకి, ఎలుకలు బొరియల్లోకి, ఓబులు కన్నంలోకి. ఒక్క పొద ముందు మాత్రం రెండు కుందేలు పిల్లలు ఎండలో దొర్లి ఆడుకుంటున్నాయి. పక్కనే వాళ్లమ్మ కాళ్లు చాపుకుని పడుకుంది.

"మనమంటే వీళ్లకి లెక్కలేదా అన్నా?" అంది తమ్ముడు నక్క. దాని మనసు కొంచెం నొచ్చుకుంది.

"లెక్క ఉంది. చెవులే లేనట్టున్నాయి" అంది అన్న నక్క. "రేపు మధ్యాహ్నం వెళ్దాం."

మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. చెంగమ్మ నిద్రపోతోంది. మువ్వ, గవ్వ పొద బయట ఒక గడ్డిపరకని చెరో కొసా పట్టుకుని లాగుతున్నారు. నక్కలు రెండూ వాగు దాటాయి.

నాంచారమ్మ అరిచింది. వాడంతా దాక్కుంది. పిల్లలు గడ్డిపరక లాగుతూనే ఉన్నారు. నాంచారమ్మ ఇంకా గట్టిగా అరిచింది. ఓబులు కన్నంలోంచి తల బయటపెట్టి, "ఒసే మువ్వా! ఒరే గవ్వా! లోపలికి దూరండ్రా!" అని గొంతు చించుకున్నాడు. ఒంటి మీది ముళ్లన్నీ గలగలలాడించాడు. గవ్వ గెలిచాడు. గడ్డిపరక వాడికే వచ్చింది. మువ్వ అలిగింది. అన్న నక్క రాళ్ల వెనకనుంచి ఒక్కొక్క అడుగే వేస్తోంది.

అప్పుడు నాంచారమ్మ అరవడం ఆపేసింది.

గుడ్ల మీదినుంచి లేచింది. ఎగిరి సరిగ్గా అన్న నక్క ముందు వాలింది. ఒక రెక్క నేలమీద ఈడుస్తూ, విరిగిపోయినట్టు, కుంటుకుంటూ నడవడం మొదలుపెట్టింది. తీతువులకి ఈ నటన పుట్టుకతోనే వస్తుంది. తమ పిల్లల కోసమే చేస్తాయి. ఎదురింటి పిల్లల కోసం ఎవరైనా చెయ్యగా ఆ వాడలో ఎవరూ చూడలేదు.

అన్న నక్క ఆగింది. ఎదురుగా విరిగిన రెక్క. "పిల్లలెక్కడికీ పోరు. ముందు దీని సంగతి చూద్దాం" అనుకుని పిట్ట వెంటపడింది. నాంచారమ్మ అందీ అందకుండా కుంటుతూ దాన్ని వాగు మలుపుదాకా తీసుకెళ్లింది. అక్కడ రెండు రెక్కలూ చక్కగా విప్పుకుని ఎగిరిపోయింది.

ఈలోగా ఓబులు కన్నంలోంచి బయటికొచ్చాడు. అతను పరిగెత్తలేడు. నడిచాడు. పిల్లల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కరికీ ఒక్కొక్క ముల్లు గుచ్చాడు. ముల్లుకి దూది అడ్డం రాదు. ఇద్దరూ కెవ్వుమని పొదలోకి దూకి వాళ్లమ్మ మీద పడ్డారు. చెంగమ్మ లేచింది. పొద ముందు బయటివైపు వీపు పెట్టి, ముళ్లన్నీ నిక్కబొడుచుకుని ఓబులు నిలబడి ఉన్నాడు. ఆ ముళ్ల సందుల్లోంచి ఆమెకి నక్క తోక కనబడింది.

అది తమ్ముడు నక్క. అన్నంత తెలివిగలది కాదు, పిట్ట వెంటా పోలేదు, ముళ్ల దగ్గరికీ రాలేదు. గులకరాళ్లలో నడుస్తుంటే కాలికేదో తగిలింది. వాసన చూసింది. తినడం మొదలుపెట్టింది.

చెంగమ్మ పొదలోంచి అంతా చూసింది. కానీ ఏమీ వినబడలేదు. చెవులు తడుముకుని, దూది పీకి పారేసింది. అప్పుడూ ఏమీ వినబడలేదు. నక్కలవాడ అంత నిశ్శబ్దంగా ఉండటం ఆమె ఎప్పుడూ వినలేదు. నిన్నటిదాకా కోరుకున్నది ఆ నిశ్శబ్దమే. ఇప్పుడు ఆమెకి ఏడుపొచ్చింది.

ఓబులు ముళ్లని దాటలేక నక్కలు వెళ్లిపోయాక చెంగమ్మ గులకరాళ్ల దగ్గరికి వెళ్లింది. నాంచారమ్మ అప్పటికే తిరిగొచ్చి కూర్చుని ఉంది. ఆమె కింద ఒక్క గుడ్డే ఉంది. చుట్టూ పెంకులు.

"పిల్లలు బాగున్నారా?" అంది నాంచారమ్మ.

చెంగమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. "అక్కా, నన్ను తిట్టు. నోటికొచ్చినట్టు తిట్టు."

నాంచారమ్మ ఆమెకేసి చూసింది.

"తిడతాను. ముందు ఆ ఎడమ చెవిలో ఇంకా కొంచెం దూదుంది, అదీ తియ్యి. తిడితే వినబడాలిగా" అంది.

చెంగమ్మ తీసింది. నాంచారమ్మ తిట్టింది. చాలాసేపు తిట్టింది. తిడుతూ తిడుతూ మధ్యలో మిగిలిన గుడ్డుని ముక్కుతో దగ్గరికి లాక్కుంది. చెంగమ్మ రెండు చెవులూ నిలబెట్టి ఒక్క మాట పోకుండా విన్నది.

మర్నాడు చెంగమ్మ కొంచెం దూది తెచ్చి ఆ మిగిలిన గుడ్డు చుట్టూ పరిచింది. నాంచారమ్మ ముక్కుతో తీసి అవతల పారేసింది. "తెల్లగా కనబడుతుంది. నీకింకా బుద్ధి రాలేదు" అంది.

ఆ రోజునుంచి నాంచారమ్మ తిండికెళ్తే గుడ్డు దగ్గర చెంగమ్మ కాపలా కూర్చునేది. కుందేలుకి అంత గొంతు లేదు. అందుకని ఏది కదిలినా వెనక కాలితో నేలమీద ధబధబా బాదేది. ఆ దెబ్బలు కాళ్ల కిందనుంచి వాడంతా పాకేవి. మువ్వ, గవ్వ అడక్కుండానే పొదలో దూరేవారు. ఆ ఒక్క గుడ్డూ పిల్లయింది. పుట్టిన రోజునుంచే దానికి వాళ్లమ్మ గొంతు వచ్చింది.

కొన్నాళ్లకి ఆ వాడకి ఒక కౌజు పిట్ట కొత్తగా కాపురం వచ్చింది. ఒక మధ్యాహ్నం చెంగమ్మ కాలు బాదింది. అందరూ పరిగెత్తారు. కౌజు పిట్ట కూడా పరిగెత్తింది. అంతా అయ్యాక రొప్పుతూ వచ్చి నిలదీసింది.

"ఏమమ్మా, నక్కొచ్చిందా?"

"లేదు. ఎండుటాకు" అంది చెంగమ్మ.

"ఎండుటాక్కి ఇంత గొడవా? నా నిద్ర పాడైంది!"

"ఎండుటాకు కాబట్టే నువ్వొచ్చి నన్ను అడగ్గలుగుతున్నావమ్మా" అంది చెంగమ్మ. "గింజలు తిన్నావా?"

కౌజు పిట్ట విసవిసా వెళ్లిపోయింది. దారిలో బూరుగు చెట్టు ఉంది. చెంగమ్మ లేచి, గబగబా ఆమె వెనకే నడిచింది.

నీతి: హెచ్చరిక వినబడగానే ముందు దాక్కోండి, అది నిజమా అబద్ధమా అన్న సంగతి తరవాత ప్రాణాలతో తీరిగ్గా తేల్చుకోవచ్చు. మీరు చెవులు మూసుకుంటే ఆ నష్టం మీ ఇంటితో ఆగదు.