చెంచుశెట్టి చిట్టాలో రాయని తరుగు

అనగనగా, పొయ్యి మీద మరిగే పానకానికి కూడా రాజుగారి సుంకం లెక్క ఉండే రోజుల్లో, పానకవరం అని ఒక ఊరు. ఊరి చుట్టూ చెరకు తోటలు. ఊళ్లో వీధి పొడుగునా బెల్లం కొట్లు.

ఆ వీధిలో చెంచుశెట్టి అనే వర్తకుడు ఉండేవాడు. నిజాయితీపరుడు. తూకంలో మోసం ఎరగడు. సుంకం ఏ ఏడూ ఎగ్గొట్టలేదు.

పిల్లలూ, బెల్లం సంగతి మీకు తెలుసుగా! వానగాలి తగిలితే చెమ్మగిల్లుతుంది. చెమ్మగిల్లితే కారుతుంది. నూరు మణుగులు గోదాములో పెడితే వానలు వెళ్లేసరికి తొంభయ్యో, ఎనభై అయిదో మిగులుతాయి. ఆ తగ్గినదాన్నే తరుగు అంటారు. ఊళ్లో ప్రతి వర్తకుడూ తరుగును చిట్టాలో రాసుకునేవాడు. వాన కురవడం వర్తకుడి తప్పా? కాదు కదా!

కానీ చెంచుశెట్టి ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. "మా గోదాములో బెల్లం కారదు" అని వాళ్ల తాత ఒకనాడు నలుగురిలో మీసం తిప్పాడు. అప్పటి నుంచి ఆ ఇంటి చిట్టాలో తరుగు అన్న మాటే రాయలేదు. తాత రాయలేదు. తండ్రి రాయలేదు. చెంచుశెట్టీ రాయలేదు.

మరి కారిన బెల్లం మాటేమిటి? ఏటా ఉగాదికి ముందు పొరుగూరి నుంచి చాటుగా బెల్లం కొని, తగ్గినంతా నింపేవారు. సొంత డబ్బు పోసి అబద్ధం కొనుక్కునేవారన్న మాట! ఏం గొప్ప అది? ఎవరికోసం ఆ గొప్ప?

ఆ రహస్యం తెలిసినవాళ్లు ఇంకో ఇద్దరే. ఒకరు శెట్టి భార్య మంగతాయి. రెండోవాడు గవరయ్య. ముప్పై ఏళ్లుగా శెట్టి కొట్లో కాటా పట్టి తూచేవాడు ఆయనే. గోదాము తాళంచెవి కూడా ఆయన మొలతాడుకే వేలాడేది.

ఒక ఏడు భాద్రపద మాసంలో, వానలు జోరుగా కురుస్తున్న వేళ, సుంకాధికారి దగ్గర నుంచి శెట్టికి తాఖీదు వచ్చింది.

"ఎల్లుండి మీ గోదాము తనిఖీ చేస్తాం. చిట్టాలు సిద్ధంగా ఉంచండి."

అందులో వింతేమీ లేదు. ఏటా పది కొట్లు తనిఖీ చేసేవారు. ఆ ఏడు శెట్టి వంతు వచ్చింది, అంతే. కానీ శెట్టి ముఖం చూడాలి! ఎవరో వీధిలో నిలబెట్టి పంచె లాగేసినట్టు అయిపోయాడు. తాఖీదు మడిచి బొడ్డులో దోపుకున్నాడు.

"ఏంటయ్యా ఆ కాగితం?" అంది మంగతాయి.

"ఏం లేదే. పెళ్లి పిలుపు."

"భాద్రపదంలో పెళ్లేంటయ్యా?"

మంగతాయి చెయ్యి చాపి కాగితం లాక్కుని చదివింది.

"దీనికి దాచడం ఎందుకు? తిన్నగా సోమిదేవమ్మగారి దగ్గరికి వెళ్లు. ఇలాంటప్పుడు ఏం చెప్పాలో, ఏం చూపించాలో ఆవిడకి తెలుసు."

సోమిదేవమ్మ రాజముద్ర పొందిన న్యాయవాది. సుంకం చట్టం ఆవిడకు కంఠతా వచ్చు. ధర్మసభలో ఆవిడ లేచి నిలబడితే అధికారులు ఒకసారి కాగితాలు సర్దుకునేవారు.

"న్యాయవాది గడప తొక్కేది దొంగలు!" అని ఎగిరాడు శెట్టి. "నన్నక్కడ ఎవరైనా చూస్తే? శెట్టి ఏదో మింగాడు, అందుకే పరిగెత్తాడు అనుకోరూ?"

చూశారా పిల్లలూ! తప్పు చేసినవాళ్లు ఊళ్లో తలెత్తుకు తిరుగుతున్నారు. ఏ తప్పూ చెయ్యని ఈయన తల దించుకున్నాడు. ఆ సిగ్గులోనే వరసగా మూడు తెలివితక్కువ పనులు చేశాడు.

మొదటిది, తనిఖీకి ముందు గోదాము నేలంతా కడిగించాడు. దిమ్మల కింద కారి పేరుకున్న పాకం, చీమల బారులు, మరకలు, అన్నీ పోయాయి. బెల్లం కారిందని చెప్పగల సాక్ష్యాన్ని తన చేత్తోనే నీళ్లు పోసి పంపేశాడు.

సుంకాధికారి వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు, తన పని తాను చేసే మనిషి. చిట్టా చూశాడు, ఆరు వందల మణుగులు. బెల్లం తూయించాడు, అయిదు వందల పది.

"శెట్టిగారూ, తొంభై మణుగులు తక్కువున్నాయి. ఏమయ్యాయి?"

కారిపోయాయి అంటే సరిపోయేది. అయిదు అక్షరాలు! అప్పటికే గుమ్మం దగ్గర ఇరుగుపొరుగు కొట్లవాళ్లు మూగారు. వాళ్ల ముందు ఆ మాట శెట్టి గొంతు దాటలేదు.

"తెలియదండీ" అన్నాడు.

"తెలియకపోవడమేంటి? తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

శెట్టి రెండో పని చేశాడు. తలెత్తకుండా వేలు చూపించాడు.

"గవరయ్య దగ్గర. వాడే... తీసి ఉంటాడు."

గవరయ్య చేతిలో కాటా ఇంకా ఊగుతూనే ఉంది. "శెట్టిగారూ!" అన్నాడు, ఒక్కసారే. శెట్టి గోడ వైపు తిరిగాడు. భటులు గవరయ్య రెక్కలు పట్టుకుని వీధి వెంట నడిపించుకుపోయారు. ముప్పై ఏళ్లుగా ఆయన చేత తూయించుకున్నవాళ్లందరూ నిలబడి చూశారు.

మూడో పని కూడా వెంటనే జరిగింది. అధికారి ఏదో రాసి ముందు పెట్టాడు. "చదివి ముద్ర వెయ్యండి" అన్నాడు. ఆయన ఎంత త్వరగా గుమ్మం దిగితే అంత మేలు అనుకున్నాడు శెట్టి. చదవకుండానే ముద్ర కొట్టేశాడు.

అందులో ఏం రాసి ఉంది? "తొంభై మణుగుల బెల్లం సుంకం కట్టకుండా బయటికి పోయిన మాట నిజం" అని!

వారం తిరగకుండా రెండో తాఖీదు వచ్చింది. పదింతల సుంకం కట్టాలి. లేకపోతే కొట్టు రాజుగారి పరం. దొంగతనం రుజువైతే గవరయ్యకు మూడేళ్ల చెర. ధర్మసభలో విచారణ అయిదు రోజుల్లో.

మంగతాయి శెట్టికి అన్నం వడ్డించింది. ఆయన తినలేదు.

"నువ్వు తినకపోతే ఎవరికయ్యా లాభం? అక్కడ గవరయ్య పెళ్లాం చెరసాల గేటు దగ్గర సద్దిమూట పట్టుకుని వానలో నిలబడుతోంది. చూసొచ్చాను. ఇప్పుడైనా కదులుతావా, లేదా?"

శెట్టి కదిలాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, వీధిలోంచి కాకుండా దొడ్డిదారిన సోమిదేవమ్మ ఇంటికి వెళ్లాడు.

ఆవిడ అరుగు మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది.

"అమ్మా, నాకు తెలిసినవాడొకడు చిన్న చిక్కులో పడ్డాడు..." అని మొదలుపెట్టాడు.

"ఆ తెలిసినవాడు కూడా తువ్వాలులో తల దాచుకుంటాడా శెట్టీ?"

శెట్టి తువ్వాలు తీశాడు.

"కూర్చో. నా రుసుము పది వరహాలు. మొత్తం చెప్తే పది. సగం చెప్తే ఇరవై. సగం చెప్పేవాళ్లతో నాకు పని ఎక్కువ."

శెట్టి తరుగు సంగతి చెప్పాడు. తాతగారి పట్టింపు చెప్పాడు. ఏటా చాటుగా కొని నింపడం చెప్పాడు. ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది.

"ఓరి నాయనా! వానాకాలంలో ఆరింట ఒక వంతు వరకు బెల్లం తరిగితే సుంకం లేదని చట్టంలో రాసే ఉంది. ఆరు వందలకు నూరు మణుగుల దాకా మాఫీ. నీకు తగ్గింది తొంభై. చిట్టాలో ఒక్క ముక్క రాసుంటే ఆ అధికారి మజ్జిగ తాగి వెళ్లిపోయేవాడు."

శెట్టి నేల చూశాడు.

"చాటుగా కొన్నవాటికి చీటీలున్నాయా?"

"మా ఆవిడ దాచింది. పాతికేళ్లవి ఉన్నాయి."

"బతికించింది. ఇంకేమైనా చెప్పావా అధికారికి?"

"లేదమ్మా."

"ఏమైనా సంతకం, ముద్ర?"

"...ఒకటి వేశాను. చదవలేదు."

ఆవిడ నుదురు కొట్టుకుంది. "సరే. చదవకుండా వేసిన ముద్రను పదిహేను రోజుల్లోగా వెనక్కి తీసుకోవచ్చు. కానీ వేసినవాడే సభలో నిలబడి, ఎందుకు వేశాడో తన నోటితో చెప్పాలి. నీ బదులు నేను చెప్పడానికి చట్టం ఒప్పదు. మూడోసారి అడుగుతున్నాను. ఇంకేమైనా ఉందా?"

ఉంది. గవరయ్య ఉన్నాడు. ఆ మాట శెట్టి నాలుక చివరి దాకా వచ్చింది. ఆ పెద్దామె కళ్లలోకి చూసి చెప్పాల్సి వచ్చేసరికి మళ్లీ లోపలికి పోయింది.

"ఏం లేదమ్మా" అన్నాడు. పది వరహాలు పెట్టి వచ్చేశాడు.

అయిదో రోజు ధర్మసభ నిండిపోయింది. బెల్లం వీధి వీధంతా వచ్చింది. సోమిదేవమ్మ లేచింది. చట్టం చదివింది. పదిమంది వర్తకుల చిట్టాలు చూపించింది. ప్రతి చిట్టాలోనూ తరుగు ఉంది. ఆ తరవాత మంగతాయి దాచిన చీటీలు ఒక్కొక్కటే తీసింది.

"ధర్మాధికారీ, ఇవి పాతికేళ్ల చీటీలు. ఏటా ఉగాదికి ముందు ఇతను పొరుగూళ్లో బెల్లం కొన్నాడు. తన గోదాములో తగ్గినంత నింపాడు. దొంగచాటుగా అమ్ముకునేవాడు ఎదురు డబ్బు పోసి కొని నింపుతాడా?"

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. "కారని బెల్లం అన్నాడుగా! ఎన్నేళ్లుగా కారుతోందో!" సభంతా గొల్లుమంది. శెట్టి చెవులు కాలిపోయాయి. జీవితమంతా దేనికి భయపడ్డాడో అది జరిగిపోయింది. జరిగాక చూసుకుంటే, ఒంటి మీద చర్మం అలాగే ఉంది. నవ్వినవాళ్లు నవ్వి ఊరుకున్నారు.

ధర్మాధికారి తల ఊపాడు. అంతలో సుంకాధికారి లేచాడు.

"అయ్యా, మరి ఆ రోజు శెట్టిగారే తన మనిషి దొంగిలించాడని చెప్పారు. ఆ మనిషి చెరలో ఉన్నాడు. కారింది అంటే దొంగ లేడు. దొంగ ఉంటే కారలేదు. ఏది నిజం?"

సోమిదేవమ్మ మెల్లగా వెనక్కి తిరిగి శెట్టిని చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది శెట్టికి.

"దీనికి నా దగ్గర జవాబు లేదు ధర్మాధికారీ" అంది. "గవరయ్యను పట్టుకెళ్లారని తెలుసు, దొంగని చెప్పింది ఇతనేనని నాకు చెప్పలేదు. చెప్పాల్సినవాడు అక్కడున్నాడు."

శెట్టి లేచాడు. గవరయ్యను తీసుకొచ్చి ఎదురుగా నిలబెట్టారు. మాసిన బట్ట, పెరిగిన గడ్డం. ఆయనా చూస్తున్నాడు.

ఇప్పుడు తల ఊపేస్తే? గవరయ్యే దొంగ అని గట్టిగా అనేస్తే? ఆ ఆలోచన కూడా వచ్చింది శెట్టికి. వచ్చినందుకే ఇంకా సిగ్గుపడ్డాడు.

"అబద్ధం చెప్పాను" అన్నాడు. "బెల్లం కారిందని చెప్పడానికి నామోషీ వేసింది. ఆ నామోషీ కప్పుకోవడానికి గవరయ్యను దొంగని చేశాను. అతను ఒక బెల్లం ముక్క కూడా తియ్యలేదు. ఆ కాగితం మీద ముద్ర కూడా అందుకే వేశాను. నలుగురూ చూస్తున్నారని."

ఈసారి సభలో ఎవరూ నవ్వలేదు.

తీర్పు వచ్చింది. పదింతల సుంకం రద్దయింది. కొట్టు నిలిచింది. నిరపరాధిని ఇరికించినందుకు శెట్టికి జరిమానా పడింది. ఆ సొమ్ము గవరయ్యకు ఇమ్మన్నారు. అక్కడికక్కడే సంకెళ్లు తీశారు.

సభ బయట వానలో శెట్టి గవరయ్య ముందు చేతులు జోడించాడు.

"గవరయ్యా, పద. కొట్టుకి పోదాం. కూలి రెట్టింపు చేస్తాను."

గవరయ్య ఓ పక్కన సద్దిమూటతో నిలబడ్డ భార్య వైపు చూశాడు.

"శెట్టిగారూ, ఆ రోజు నన్నొక్క మాట అడగాల్సింది. కారింది బాబూ అని నేనే చెప్పేవాణ్ణి. నాకు అందులో సిగ్గేముంది?" అన్నాడు. "నా మనవరాలు చెరసాల గేటు దగ్గర నన్ను చూసి వాళ్ల అవ్వ కొంగు చాటుకు పోయింది. ఇంక నేను మీ కాటా పట్టలేను."

భార్య చేతిలోంచి సద్దిమూట అందుకుని, ఆవిడతో కలిసి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

శెట్టి సోమిదేవమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, మీరే ఏదైనా చేసి..."

"సుంకం నుంచి విడిపించడం నా పని, చేశాను" అంది ఆవిడ గొడుగు విప్పుతూ. "ఆ మొదటి రోజే వచ్చి అంతా చెప్పుంటే గవరయ్య గుమ్మం కూడా దిగేవాడు కాదు. ఇప్పుడు దీన్నుంచి విడిపించే చట్టం నా దగ్గర లేదు నాయనా. ఇంకో పది వరహాలు పంపించు. సగమే చెప్పావు."

కాబట్టి పిల్లలూ, రాజుగారి తాఖీదు వస్తే సిగ్గుపడకండి, చట్టం తెలిసినవారి దగ్గరికి మొదటి రోజే వెళ్లి ఏదీ దాచకుండా చెప్పండి. సాయం అడగడానికి సిగ్గుపడినవాడు ఆ సిగ్గును చివరికి తోటివాడి నెత్తిన రుద్దుతాడు.