తడి చార దగ్గర

అంగారకుడి మీద తడి కనబడింది. కానీ దాని దగ్గరికి వెళ్ళకూడదట! వైదేహికి ఏడుపొక్కటే తక్కువ.

ఇన్నేళ్ళూ ఇక్కడ భూమ్మీద కూర్చుని, అక్కడి ఎర్రమట్టిలో బండి నడిపింది తను. నీళ్ళ జాడ కోసం చూసి చూసి కళ్ళు కాయలు కాచాయి. ఇవాళ పొద్దున బండి పంపిన ఫొటోలో, గుట్ట వాలున నల్లటి తడి చార! ఇప్పుడు కదిలితే సాయంత్రానికల్లా చేరిపోతుంది. కదలకపోతే ఇక అంతే సంగతులు. అక్కడ చలికాలం ముంచుకొస్తోంది, బండి ఆ చలికి తట్టుకోలేదు.

"తడి ఉన్నచోటికి మన బండి పోకూడదమ్మా," అన్నారు భానుమూర్తి మాస్టారు. ఆమెకి ఈ పని నేర్పింది ఆయనే. "ఇక్కడి మన క్రిములు బండిని పట్టుకుని ఉంటాయి."

"కడిగి, తుడిచి, వేడిచేసి మరీ పంపాం కదండీ! ఇంకా ఒకటీ అరా మిగిలితే మాత్రం ఏమవుతుంది? నోటి దగ్గర కూడు లాగేస్తారా?"

మాస్టారు గడియారం వైపు చూశారు. ఆదేశం పంపడానికి కాస్త సమయమే ఉంది. వైదేహి వేలు మీట మీదే ఉంది. ఆయన వద్దనలేదు. లేచి, మూలనున్న మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళారు. గరిటెతో గ్లాసులో పోసుకుని, కరిచి గడగడా తాగారు. గ్లాసు అంచు చేతిరుమాలుతో తుడిచి, ఆ గ్లాసునే కుండలో ముంచబోయారు.

"అయ్యో మాస్టారూ, ఎంగిలి గ్లాసు!" వైదేహి కుర్చీలోంచి లేచిపోయింది. "అందరూ తాగే నీళ్ళండీ అవి!"

ఆయన చెయ్యి కుండ మూతి మీద ఆగింది.

"తుడిచానుగా. ఒక్క చుక్క తగిలితే ఏమవుతుందమ్మా?"

"కుండంతా..." అనబోయి ఆగిపోయింది వైదేహి.

ఆమెకి ఒళ్ళు మండింది, దుఃఖం ముంచుకొచ్చింది, మాస్టారి మీద ఎక్కడలేని ఉక్రోషం పుట్టింది. ముక్కు ఎగబీల్చి మళ్ళీ కూర్చుంది. బండిని ముందుకు పొమ్మన్న ఆదేశం చెరిపేసింది. ఉన్నచోటే నిలబడి దూరం నుంచి ఫొటోలు తియ్యమని రాసి, సమయం దాటకుండా పంపేసింది.

కుర్చీ ఆయన వైపు తిప్పింది.

"ఇంతకీ అక్కడ ఆ నీళ్ళు తాగేవాళ్ళెవరున్నారు మాస్టారూ?"

ఆయన గ్లాసు కడిగి బోర్లించారు.

"తెలీదు కదమ్మా," అన్నారు.